నీళ్ల ఎలుకలకూ ఒక పోగు

నా విలేకరి ఉద్యోగంలో ఎలుకల సంసారం చూడడానికి ఆహ్వానం అందుకున్నది ఒక్కసారే. గోదావరి వరదలు చూశాను, బొగ్గుబావుల సమ్మెలు చూశాను, ఖమ్మం యార్డులో మిర్చి ధర పడిపోయిన రోజు రైతులు కాంటాల ముందు కూర్చోవడం చూశాను. వాటికి ఎవరూ పిలవరు, మనమే వెళ్తాం. ఎలుకల దగ్గరికి మాత్రం ఒక ప్రొఫెసర్ గారు స్వయంగా ఫోన్ చేసి పిలిచారు.

"శుక్రవారం ప్రెస్‌మీట్ పెడుతున్నం అన్నా. అడవి దుంప మీద మా కాలేజీ పరిశోధన. అందరికన్న ముందు నువ్వొచ్చి చూసిపో. నువ్వు రాస్తే నలుగురు నమ్ముతరు."

నలుగురు నమ్ముతారన్న మాట వింటే నాకు కొంచెం భయం. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే, ఈ ఎలుకల సంగతే చెప్పాలి.

అది కొత్తగూడెం దాటి, ఇళ్లు పలచబడి టేకుచెట్లు మొదలయ్యే చోట ఉన్న ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీ. దాని పేరు చెప్పను. దుంప పేరు కూడా చెప్పను. చెబితే తెల్లారేసరికి అడవిలో గడ్డపారలు లేస్తాయి. భద్రాచలం వెళ్లినవాళ్లు దాన్ని చూసే ఉంటారు. దర్శనం చేసుకొని కిందికి దిగి వస్తుంటే గోనెపట్టల మీద వేర్లు, బెరళ్లు, తేనె సీసాలు పరుచుకొని కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. మగవాడు ఒంటరిగా వస్తే దుంప చూపిస్తారు. భార్యతో వస్తే తేనె చూపిస్తారు. "పాలల్ల కలుపుకొని తాగు, ఇగ నువ్వే చెప్తవ్" అంటారు. తాగినవాడు తిరిగొచ్చి ఏమీ చెప్పడు. పనిచేసినా సిగ్గే, పనిచేయకపోయినా సిగ్గే. ఆ సిగ్గు మీదే వ్యాపారం నడుస్తుంది.

ఖమ్మం వ్యాపారి ఒకాయనకు దాన్ని గోనెపట్ట మీది నుంచి లేపి గొట్టం మాత్రల్లో, అంటే క్యాప్సూళ్లలో, పెట్టాలన్న ఆలోచన వచ్చింది. కాలేజీతో మాట్లాడుకొని ఎలుకల మీద పరీక్షలు పెట్టించాడు. పరీక్షలో తేలాల్సినవి రెండు. దుంప పనిచేస్తుందా, ఒంటికి చెడు చేయకుండా ఉంటుందా. వ్యాపారికి మొదటిదాని మీద పెద్ద పట్టింపు లేదు. అది కొనేవాడి నమ్మకం చూసుకుంటుంది. ఆయనకు కావలసింది డబ్బా మీద వేసుకోవడానికి ఒక్క మాట: సురక్షితం.

నేను మంగళవారం వెళ్లాను. ప్రొఫెసర్ గారు టీ ఇచ్చి, పరిశోధన చేస్తున్న అమ్మాయికి నన్ను అప్పగించారు. ఆమె బొగ్గుబావి కార్మికుడి కూతురు. వాళ్ల నాన్న యూనియన్ మీటింగుల్లో నాకు పాత పరిచయం. అందుకే నన్ను అంకుల్ అనేది.

"నాన్నకు నీ పరిశోధన దేని మీదని చెప్పావమ్మా?" అని అడిగాను.

"లివర్ మీద అని చెప్పిన అంకుల్. అబద్ధమేం కాదు, సగం లివరే."

"మిగతా సగం?"

"మిగతా సగం మీరే చూడండ్రి" అంటూ ఒక గది తలుపు తీసింది.

మధ్యాహ్నం వేళ లోపల చీకటి. మూలన ఒక్క ఎర్రబల్బు. ఎలుకలకు చీకట్లోనే హుషారు కాబట్టి రాత్రంతా లైట్లు వేసి పగలు ఆర్పేస్తారట. మా డెస్కులో సబ్ ఎడిటర్ల బతుకూ అదే, వాళ్ల సంసారాల మీద మాత్రం ఎవరూ పరిశోధన చేయలేదు. ఆ ఎర్రవెలుగులో అమ్మాయి ఒక స్టూలు మీద కూర్చొని, గాజు పెట్టెలోకి ఆడ ఎలుకను వదిలి, మగది ఎంతసేపటికి దగ్గరికి పోయింది, ఎన్నిసార్లు పోయింది అన్నది చేతిలోని మీట నొక్కుతూ లెక్కపెట్టాలి. తోటి విద్యార్థులు ఆమెను చూడగానే "ఏందే, ఇయ్యాల పెళ్లిళ్లు ఎన్ని చేసినవ్?" అని అడిగేవారట. మొదట్లో ఏడ్చిందట. తర్వాత "నీకు గూడ ఒకటి చూడనా?" అని తిరిగి అడగడం నేర్చుకుందట. అప్పటి నుంచి అడగడం మానేశారు.

ఎలుకలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రోజూ పొద్దున వంకర గొట్టంతో నోట్లో దుంప రసం పోస్తారు. రెండో గుంపుకు అదే గొట్టంతో ఉత్త నీళ్లు. మందు ఎలుకలు, నీళ్ల ఎలుకలు అని పిలుచుకునేవారు. రెండింటికీ తేడా కనిపిస్తే అది దుంప వల్ల వచ్చిన తేడా. నాలాంటి వాడికి కూడా అర్థమయ్యే పద్ధతి.

"మరి తేడా ఏమొచ్చింది?"

"ఏం రాలే అంకుల్. హుషారులో రెండూ ఒకటే. రక్తపరీక్షల్లో గూడ రెండూ ఒకటే. దుంపతో లాభం అంతంతే గానీ నష్టం మాత్రం లేదని సార్ అంటున్నరు. శుక్రవారం చెప్పబోయేది గదే. లివర్లు కోసి చూసేది ఇంకా మిగిలే ఉంది. అయినా రక్తం రిపోర్టులు చాలన్నరు."

ఆమె గొంతులో సంతోషం లేదు. ఎందుకని అడిగాను.

"లివర్ లెక్కలు రెండు గుంపులల్లోనూ పుస్తకాల్లో ఉన్నదాని కన్న ఎక్కువున్నయి. సార్‌ను అడిగితే దాణాలో తేడా అయ్యుంటది అన్నరు. నీళ్ల ఎలుకలకు గూడ గంతే ఉన్నప్పుడు మందును ఎట్ల తప్పు పడుతవ్ అన్నరు. నిజమే గద. కానీ నాకు నిద్ర పడ్తలేదు."

నేను ఆ మాటను కుర్రతనపు కంగారు అనుకొని బయటికొచ్చాను.

ఎలుకల గది వెనక నీడలో ఒకామె బోనులు కడిగి బోర్లిస్తోంది. నలభై దాటిన మనిషి. మణుగూరు వైపు అడవిలోని గూడెం ఆమెది. భర్త పోయాక కూతురిని కొత్తగూడెంలో హాస్టల్లో చేర్చి, ఇక్కడి జీతంతో చదివిస్తోంది. ఉద్యోగం కాంట్రాక్టుది. రేపు రావద్దంటే రావద్దు. బస్సుకు ఇంకా టైముంది కాబట్టి గట్టు మీద కూర్చొని మాట కలిపాను.

"వీటి పని అంతా నువ్వేనా అమ్మా?"

"మేత నేనే, నీళ్లు నేనే, పెంట ఎత్తుడు నేనే. గొట్టాలు, సూదులు మేడం చూస్కుంటది. మా దిక్కు చేన్ల ఎలుక కనవడ్తే తరుముతం సార్. ఈడ దానికి పక్కేస్తున్నం."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె ఇంకో బోను ఎత్తి నీళ్లు దులిపింది.

"ఒక్కటే నాకు మంచిగనిపియ్యదు సార్. సగంటికి మందు, సగంటికి ఉత్త నీళ్లు. పక్కపక్క బోన్లల్లనే ఉంటయాయె. గవి చూస్తుంటయి."

"పరీక్ష పద్ధతే అంత కదమ్మా."

"పద్ధతే గావచ్చు. మేడం రోజు జరంత ఎక్కువనే కలుపుతది. మిగిలింది పారబొయ్యి అక్కా అంటది. మందును ఎవలన్న పారబోస్తరా? నేను నానవెట్టిన శనగలల్ల కలిపి గా నీళ్ల ఎలుకలకు పెడ్తున్న. మొదటి సంది."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. వాళ్ల గూడెంలో పండుగకు మేకను కోస్తే ఆకుల మీద పోగులు వేస్తారని చెప్పింది. ఇంటికొక పోగు. ఒకప్పుడు వేటకు పోయినప్పుడూ అంతేనట. పోయినవాడికీ పోగే, జ్వరంతో పడుకున్నవాడికీ పోగే. ఒక పోగులో ఎముక ఎక్కువ పడితే పెద్దమనిషి మళ్లీ కలిపి మళ్లీ వేస్తాడు.

"మా ఆయన పోయినంక మా ఇంట్ల మొగదిక్కు లేదు సార్. ఒక్క పనికి గూడ మా ఇంటి నుంచి ఎవలం పోయింది లేదు. అయినా మా పోగు ఆగలె. ఆకుల చుట్టి తెచ్చి గడప మీద పెట్టి పోయిండ్రు. గసొంటి ఊర్ల పుట్టి, నేను సగంటికి పెట్టి సగంటికి ఎట్ల పెట్టకుంట ఉంటా? ఎట్లైనా ఆఖరికి అన్నిటిని కోసేటోళ్లే. ఉన్నన్ని దినాలు ఒక్కతీరుగ చూస్తే ఏం పోతది?"

మంచి మనిషి అనుకున్నాను. ఆదివారం పేజీకి చిన్న ముచ్చటగా రాయొచ్చని కూడా అనుకున్నాను. ఖమ్మం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. జూలూరుపాడు దాటాక గానీ నా బుర్ర పనిచేయలేదు. నీళ్ల ఎలుకలు నీళ్ల ఎలుకలు కావు. అవీ మందు ఎలుకలే. రెండు గుంపులూ అదే తిన్నాయి కాబట్టి రెండింటి రక్తం ఒకేలా ఉంది. రెండూ కలిసి చెడిపోతే రెండూ బాగున్నట్టే లెక్క. శుక్రవారం ప్రొఫెసర్ గారు చెప్పబోయే సురక్షితం అన్న మాటకు ఆధారం ఆ శనగలు.

ఆ రాత్రి ఆలోచించిన దారులన్నీ ఆమె ఇంటి ముందుకే చేరాయి. ప్రొఫెసర్‌కు చెబితే ఆమె ఉద్యోగం పోతుంది, హాస్టల్లో పిల్ల చదువు ఆగుతుంది. అమ్మాయికి చెప్పినా ఆమె వెళ్లి ప్రొఫెసర్‌కే చెప్పాలి. ఊరుకుంటే దుంప డబ్బాల్లోకి ఎక్కుతుంది, షిఫ్టు దిగిన మనిషి పాలల్లో కలుపుకొని తాగుతాడు, ఆ డబ్బా మీద మా పత్రికలో వచ్చిన వార్త కత్తిరించి అంటించి ఉంటుంది. పైగా ఆమె నాకు విలేకరి అనుకొని చెప్పలేదు, గట్టు మీద కూర్చున్న మనిషి అనుకొని చెప్పింది. అలా వచ్చిన మాటను ఆమె చేతిలో తిరిగి పెట్టకుండా ఎక్కడికీ తీసుకుపోకూడదని మాత్రం తేల్చుకున్నాను. పొద్దున్నే మళ్లీ కొత్తగూడెం బస్సెక్కాను.

ఆమె శనగలు కడుగుతోంది. నాకు తెలిసినంతలో చెప్పాను. ఆమె చేయి నీళ్లలోనే ఆగిపోయింది.

"అంటే గా మందు మనుషులకు చెడు చేస్తదా సార్?"

"తెలియదమ్మా. తెలుసుకోవడానికే ఈ ఎలుకలు. ఇప్పుడు వీటిని చూసి తెలుసుకునే వీలు పోయింది."

"నాతోని పోయింది."

ఆమె శనగలు వడగట్టి పక్కన పెట్టింది.

"నువ్వు చెప్తవా సార్ వాళ్లకు?"

"నీ మాట నేను చెప్పను. కానీ సురక్షితం అని నేను రాయను."

"నువ్వు రాయకుంటే ఇంకొకలు రాస్తరు గద. శుక్రవారం చానమంది వస్తరట. నూరు కుర్సీలు తెప్పిస్తున్నరు."

అంతే. నేను బస్సులో మోసుకొచ్చిన నీతి ఆ ఒక్క మాటకు నిలబడలేదు. నా కలం మూసుకుంటే నా చేతులు శుభ్రంగా ఉంటాయి, అంతకు మించి ఏమీ జరగదు. అది ఆమెకు తెలిసింది. "పని చేసుకోనియ్యి సార్" అని లోపలికి వెళ్లిపోయింది. ఏం చేస్తుందో నాకు చెప్పలేదు.

శుక్రవారం కాలేజీ గేటుకు దుంప బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. హాల్లో వ్యాపారి ముందు వరుసలో కూర్చున్నాడు, పక్కన మడత పెట్టిన శాలువా. వెనక బల్ల మీద సమోసాలు. నాకు లోపల కూర్చోబుద్ధి కాక ఎలుకల గది వైపు నడిచాను. అమ్మాయి పట్టుచీర కట్టుకొని, చేతిలో రిపోర్టుతో ఎలుకలను ఒకసారి చూసుకుంటోంది. పనామె గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"మేడం, జర ఆగు. ఒక మాట."

"మీటింగ్ అయినంక చెప్పక్కా."

"అయినంక చెప్తే పనికిరాదు. నువ్వు పారబొయ్యమన్న మందు నేను పారబొయ్యలె. నీళ్లోటికి పెట్టిన."

"ఏ నీళ్లోటికి?"

"నీళ్ల ఎలుకలకు. శనగలల్ల. రోజు."

అమ్మాయి ఆమె వైపు, బోనుల వైపు, మళ్లీ ఆమె వైపు చూసింది. తర్వాత పట్టుచీరతోనే దాణా బస్తా మీద కూలబడింది.

"ఎంతెంత పెట్టినవక్కా?"

"ఒకదానికి ఎక్కువ లేదు, ఒకదానికి తక్కువ లేదు. అన్నిటికి సమానంగనే పెట్టిన."

అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "గందుకే అంకుల్" అంది నా వైపు తిరిగి. "గందుకే రెండూ ఒక్కతీరుగున్నయి. నాకేం పిచ్చి పట్టలే." ఏడాది పని మట్టిలో కలిసిన క్షణంలో ఆ పిల్ల ముఖంలో నిద్ర పట్టిన మనిషి తేటదనం చూశాను. తన పని పోయినా నిజం తెలిస్తే చాలనే ఆ గుణం చదువుకునేవాళ్లలో కూడా అందరికీ ఉండదు.

ఆలస్యమవుతోందని పిలవడానికి వచ్చిన ప్రొఫెసర్ గారు గుమ్మంలోనే అంతా విన్నారు. ఆయన చూపు నా మీద కాసేపు ఆగింది.

"ఎవలు చెప్పమన్నరు నీకు?" అని పనామెను అడిగారు.

ఆమె నా వైపు కన్నెత్తి చూడలేదు. "ఎవలు చెప్పలె సార్. నాకే చెప్పబుద్ధయింది."

సోర్సును కాపాడడం మన ధర్మమని కొత్తగా చేరినవాళ్లకు ఎన్నోసార్లు పాఠం చెప్పాను. ఆ రోజు సోర్సే నన్ను కాపాడింది.

"రేపటి సంది నువ్వు రావద్దు" అన్నారు ప్రొఫెసర్.

బస్తా మీది నుంచి అమ్మాయి లేచింది. "మిగిలింది దగ్గరుండి పారబోయించాల్సింది నేను సార్. అక్కను పొమ్మంటే నన్ను గూడ పొమ్మనండ్రి."

"నీ ఏడాది పోతది, ఎరికేనా?"

"పోయింది సార్. ఇప్పుడే పోయింది."

హాల్లో కుర్చీలు జరిపిన చప్పుడు వినిపించింది. ఎవరో మైకులో హలో హలో అంటున్నారు.

"నువ్వేం రాస్తవ్ అన్నా?" అని ప్రొఫెసర్ గారు నన్నడిగారు.

"మీరేం చెబితే అది రాస్తా. కానీ ఎలా తేలిందని అడుగుతా. అందరి ముందే అడుగుతా."

ఆయన బోనుల వరుస వైపు చాలాసేపు చూశారు. ఆయనను నేను అప్పటిదాకా వ్యాపారి చేతిలో మనిషి అని మనసులో రాసుకున్నాను. ఆ చూపు చూశాక రాసింది కొంత కొట్టేయాల్సి వచ్చింది. చివరికి రిపోర్టును అమ్మాయి చేతిలోంచి తీసుకొని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"పదండి, సమోసాలు సల్లారుతున్నయి."

మైకు ముందు ఆయన మూడే ముక్కలు మాట్లాడారు. మా పని తీరులో పొరపాటు జరిగింది, మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాం, అందాకా మా కాలేజీ పేరు చెప్పి ఎవరు దుంప అమ్మినా కొనవద్దు. పొరపాటు ఎవరిదో చెప్పలేదు. వ్యాపారి లేచి ఫోన్ మాట్లాడుతూ వెళ్లిపోయాడు. శాలువా మడత ఎవరూ విప్పలేదు.

బస్సులో ఉండగానే ఖమ్మం డెస్కు నుంచి ఫోన్. "ఎలుకల స్టోరీ ఏమాయె అన్నా? హెడ్డింగు గూడ అనుకున్నం."

"హెడ్డింగు ఆపుకో. మళ్లీ పరీక్ష చేస్తారట. సింగిల్ కాలమ్."

"మళ్ల అంటే? మొదటిదేమైంది?"

"కుదరలే."

"ఎలుకలకా?" అని నవ్వి పెట్టేశాడు. ఆ జోకు డెస్కులో చాలా కాలం నడిచింది.

పనామెను తీసేయలేదు. కారణం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కొత్త ఎలుకలు తెచ్చి, మళ్లీ అనుమతులు తీసుకొని మొదలుపెట్టారు. ఈసారి మందును కొన్నిటికి కొద్దిగా, కొన్నిటికి ఎక్కువగా పోశారు, మందుకూ నీళ్లకూ ఒకే రంగు పడేలా కలిపారు. ఏ సీసాలో ఏముందో ప్రొఫెసర్‌కు తప్ప ఎవరికీ తెలియదు, మీట నొక్కే అమ్మాయికి కూడా. అలా చేయడం పెద్ద పెద్ద చోట్ల మామూలేనట. ఇక్కడ అది మొదలైంది మాత్రం శనగల వల్ల. ఏది మందో తెలియకపోయేసరికి పనామెకూ మనసు కుదుటపడింది. ఎవరికి తక్కువైందో తెలియనప్పుడు బాధ ఎవరి వైపు పడాలి? మిగిలింది మాత్రం అమ్మాయి కళ్ల ముందే పారబోసేది.

చివరకు తేలింది ఇది. కొద్దిగా తాగిన ఎలుకల్లో హుషారు కొంచెం పెరిగింది. ఎక్కువ తాగినవి ఆడ ఎలుకను పట్టించుకోకుండా మూలన పడి నిద్రపోయాయి. వాటి కాలేయాల మీద మచ్చలు పడ్డాయి. నీళ్ల ఎలుకల కాలేయాలు శుభ్రంగా ఉన్నాయి. అమ్మాయికి పట్టా ఏడాది ఆలస్యంగా వచ్చింది. నేను మళ్లీ సింగిల్ కాలమే రాశాను, ఈసారి పరీక్ష ఎలా జరిగిందో కూడా కలిపి. భద్రాచలంలో గోనెపట్టల మీద దుంప ఇప్పటికీ ఉంది. ఒక సింగిల్ కాలమ్‌తో పోయేది కాదు. డబ్బాల్లోకి మాత్రం ఎక్కలేదు, ఆ కాలేజీ పేరుతోనైతే ఎక్కలేదు.

ఆ వార్త వచ్చిన మర్నాడు కాలేజీకి వెళ్లాను. ఎలుకల గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఖాళీ బోనులన్నీ ఎండలో వరుసగా బోర్లించి ఉన్నాయి. పనామె చివరిదాన్ని తోముతోంది.

"మచ్చల సంగతి మేడం చెప్పింది సార్" అంది తల ఎత్తకుండానే. "గంటే మొదటిసారి నీళ్లోటి కడుపులు ఖరాబు చేసింది నేనే. మంచిదనుకొని పెట్టిన."

"నీకు తెలియదు కదమ్మా."

"అవ్. తెల్వదు." బోనును తిప్పి తోమింది. "ఈసారి నీళ్లోటి లివర్లు నున్నగున్నయట. ఒక్క మచ్చ లేదట."

"లేదట."

"అయినా కోసిండ్రు."

"పోల్చి చూడాలంటే వాటినీ కోయాలి. లేకపోతే బాగున్నది ఎలా ఉంటుందో తెలియదు."

ఆమె బోనును రెండు చేతులా ఎత్తి, నీళ్లు కారిపోయేదాకా పట్టుకొని, వరుసలో చివరన బోర్లించింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"గట్లయితే ఆఖరి పోగు సమానంగనే పడ్డది సార్."